ముంచంగిపుట్టు దారిలో బోర్డు లేని భోజనం

పెదబయలు దాటి ముంచంగిపుట్టు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక పెద్ద పనసచెట్టు, దాని కింద రెండు బల్లలు, వెనకాల రేకుల షెడ్డు కనిపిస్తాయి. బోర్డు లేదు. పొయ్యి మీంచి పొగ లేస్తుంటే భోజనం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాలుగేళ్ళుగా ఈ పాడేరు ఏజెన్సీలో, అంటే మన్యం కొండల్లో, నేను తిన్నవాటన్నిటిలోకీ మంచి భోజనం ఇదే. అటు వెళ్ళేవాళ్ళు దీన్ని దాటిపోకూడదని రాస్తున్నాను.

మాది చోడవరం. సెల్ టవర్ల మెయింటెనెన్స్ పని. బ్యాటరీలు, జనరేటర్లు చూసుకుంటూ నెలలో పది పన్నెండు రోజులు పాడేరు పైనే బండి మీద తిరుగుతాను. టవర్ ఎప్పుడు పనిచేయడం ఆగిపోతుందో తెలియదు కాబట్టి నా భోజనానికి ఒక టైమంటూ ఉండదు. మొదటి ఏడాది చాలా రోజులు బిస్కెట్లు, అరటిపళ్ళతోనే గడిపాను. పాడేరులో హోటళ్ళకి లోటు లేదు. పాడేరు దాటాకే కష్టం. ఒకసారి టూరిస్టులు ఎక్కువగా ఆగే ఒక చోట చికెన్ బిర్యానీ అడిగితే, పొద్దుటి అన్నంలో రంగు కలిపి, ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క పైన పెట్టి ఇచ్చారు. రాత్రంతా కడుపునొప్పితో సైటు దగ్గరే పడుకున్నాను. తిండి గురించి జాగ్రత్తగా వాకబు చేయడం ఆ మర్నాడే మొదలుపెట్టాను.

ఈ చోటు గురించి చెప్పింది ఒక ఆర్టీసీ డ్రైవర్ గారు. ముంచంగిపుట్టు బస్టాండులో టీ తాగుతూ ‘భోజనం ఎక్కడ చేస్తారన్నా’ అని అడిగాను. ‘పనసచెట్టు దగ్గర. ఒంటిగంట లోపల వెళ్ళు, లేకపోతే ఖాళీ గిన్నెలు చూసి రావాలి’ అన్నారు. నేను వెళ్ళేసరికి రెండు దాటింది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. అక్కడ వండే ఆవిడ నా మొహం చూసి, ‘పొద్దున్న వెళ్ళేటప్పుడు ఒక్క మాట చెప్పుంటే ఇంకో సోలెడు బియ్యం పోసేదాన్ని కదా బాబూ’ అంది. అని ఊరుకోలేదు. వాళ్ళింటి కోసం ఉంచుకున్న సామ అన్నం, అడుగున మిగిలిన చేపల పులుసు పెట్టింది. డబ్బులు తీసుకోనంది. బలవంతంగా చేతిలో పెట్టి వచ్చాను. అప్పటినుంచీ ఆవిడ నాకు అక్కే.

ఆ చేపల పులుసు గురించే ఎక్కువ చెప్పాలి. చేపలు జోలాపుట్టు రిజర్వాయర్‌వి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కోసం ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో కట్టిన డ్యామ్ అది. 1955లో అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఆ విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించారు. నీళ్ళు నిలిచినప్పుడు చాలా ఊళ్ళు మునిగిపోయాయి. అక్క వాళ్ళ అత్తవారి పెద్దల ఊరు కూడా ఆ నీళ్ళ కిందే ఉందట. ఇప్పుడు ఆ నీళ్ళలోంచే తెల్లారగట్ల వల తీసిన చేపలు బండి మీద ఆవిడ దగ్గరికి వస్తాయి. ఒకరోజు బొచ్చె, ఒకరోజు శీలావతి, ఏమీ దొరకని రోజు చిన్న పరిగెలు. ఐసు ముట్టని చేప.

ఒకసారి పని తొందరగా అయిపోయి పదింటికే వెళ్ళి కూర్చున్నాను కాబట్టి వండటం మొదటినుంచీ చూశాను. ముక్కల్ని ఉప్పు, పసుపుతో రుద్ది రెండుసార్లు కడిగింది. పసుపు వాళ్ళ పెరట్లోదే. దంచి ఉంచుకుంటారు. చిటికెడు వేస్తేనే చేతివేళ్ళు రెండు రోజులు పచ్చగా ఉంటాయి. మట్టి దాకలో నూనె కాగాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, దంచిన అల్లం వెల్లుల్లి, కారం వేసి, చింతపండు పులుసు పోసింది. పులుసు మరిగి చిక్కబడ్డాక ముక్కలు ఒక్కొక్కటీ పక్కపక్కన పేర్చింది. ఆ తర్వాత గరిటె ముట్టుకోలేదు. పాత చీర గుడ్డతో దాక అంచులు పట్టుకుని పొయ్యి మీదే అటూ ఇటూ తిప్పింది. ఒక్క ముక్క విరగలేదు. మసాలా పొడి, ప్యాకెట్ కారం ఏమీ లేవు. చివర్లో కాస్త కొత్తిమీర, అంతే. మామిడికాయల రోజుల్లో చింతపండు తగ్గించి కాయ ముక్కలు వేస్తుంది. ఆ పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. పొద్దున్నే అటు వెళ్ళే అదృష్టం ఉంటే రాత్రి మిగిలింది ఉందేమో అడగండి.

వడ్డించేది అడ్డాకుల విస్తరిలో. అక్క వాళ్ళ అమ్మాయి బడి నుంచి వచ్చాక ఈనెపుల్లలతో కుడుతుంది. వేడి అన్నం పడగానే ఆ ఆకు నుంచి ఒక వాసన లేస్తుంది. నాకు అదే సగం భోజనం. తెల్లన్నం మామూలుగా ఉంటుంది, సామ అన్నం అడిగితే ఉంటుంది. పక్కన పప్పు, ఒక వేపుడు, వలిసెల పొడి. వలిసెలంటే శీతాకాలంలో కొండల మీద పసుపు తివాచీ పరిచినట్టు పూస్తాయే, ఫొటోల కోసం జనం ఆగే ఆ పంట. ఫొటోలు తీసుకునేవాళ్ళలో దాని గింజ రుచి చూసినవాళ్ళు తక్కువ. వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరితే నువ్వుల పొడికి దగ్గరగా ఉంటుంది కానీ కొంచెం చిరుచేదు తగులుతుంది. మొదటి ముద్దకి నచ్చకపోవచ్చు. మూడో ముద్దకి ఇంకొంచెం అడుగుతారు.

మాంసం తిననివాళ్ళు నవంబర్, డిసెంబర్‌లో వెళ్ళండి. కొత్త రాజ్‌మా గింజలు వచ్చే కాలం అది. మనం సిటీలో రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ వేయించినా గట్టిగా ఉండే గింజ కాదు. కొత్త గింజ నాలుకతో నొక్కితే విడిపోతుంది. ఉల్లిపాయ, టమాటా వేసి పులుసులా చేస్తుంది. వానాకాలంలో వెదురు కొమ్ముల, అంటే లేత వెదురు మొలకల కూర దొరుకుతుంది. సన్నగా తరిగి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి చేస్తారు. అది అందరికీ పడే రుచి కాదు, నాకు మాత్రం ప్రాణం.

పొద్దున్న ఎనిమిది లోపల వెళ్తే చోడి అంబలి, అంటే రాగి అంబలి. మా ఊళ్ళో మా నాయనమ్మ కాసేది, ఆవిడ పోయాక మా ఇంట్లో ఆగిపోయింది. ముందురోజు నానబెట్టిన చోడి పిండిని నూకలతో కాచి, రాత్రంతా ఉంచితే పొద్దుటికి సన్నగా పులుస్తుంది. స్టీలు గ్లాసులో పోసి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ఇస్తుంది. పొలానికి వెళ్ళేవాళ్ళకి ఎండిన ఆనపకాయ బుర్రలో నింపి పంపుతుంది. ఆ బుర్రలో మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. రెండు గ్లాసులు తాగి టవర్ ఎక్కితే ఒంటిగంట దాకా ఆకలి మాట రాదు.

కాఫీ విషయంలో నాకు ఒక బాధ ఉంది. అరకు కాఫీకి 2019లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన ఎక్కడ చూసినా కాఫీ తోటలే. కానీ ఆ తోటల మధ్య ఉన్న టీ కొట్లలో కాఫీ అడిగితే సాషే చింపి ఇన్‌స్టంట్ పొడి కలుపుతారు. పండించినవాళ్ళకే తమ కాఫీ రుచి తెలియకుండా గింజలన్నీ వెళ్ళిపోతున్నాయి. అక్క మాత్రం ఇంటి కోసం రెండు శేర్లు ఉంచుకుంటుంది. పెనం మీద నల్లగా వేయించి, రోట్లో దంచి, మరిగే నీళ్ళలో వేసి, గుడ్డలో వడకట్టి, బెల్లం ముక్క వేస్తుంది. పాలుండవు. అడిగితేనే పెడుతుంది, తప్పకుండా అడగండి.

బొంగులో చికెన్ ఇక్కడ రోజూ ఉండదు. ముందురోజు చెప్తే చేస్తుంది, నలుగురైనా ఉండాలి. కానీ బొంగు చికెన్ ఎలా ఉండాలో నేను ఇక్కడే నేర్చుకున్నాను. బొంగు ఆరోజు కొట్టింది, పచ్చిది అయుండాలి. దానిలోని తడితోనే కోడి ఉడకాలి, చుక్క నూనె అక్కర్లేదు. మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ముప్పావుగంట కాల్చాలి. వ్యూ పాయింట్ల దగ్గర కొన్నిచోట్ల వేరే గిన్నెలో వండిన కూరని, నల్లబడిన పాత బొంగులో పోసి వేడిచేసి ఇవ్వడం నా కళ్ళతో చూశాను. కొనేముందు బొంగు రంగు చూడండి. లోపలి గోడ తెల్లగా, తడిగా ఉంటే సరైనది.

లోపాలూ చెప్పాలి. బాత్రూమ్ లేదు. ఆడవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే పాడేరులో చూసుకుని బయల్దేరాలి. ఇద్దరు ముగ్గురికంటే ఎక్కువమంది చెప్పకుండా వస్తే కూర చాలదు. సంత రోజు అక్క సంతకి వెళ్తుంది, ఆరోజు పొయ్యి వెలగదు. కారం గట్టిగానే ఉంటుంది, పిల్లలకైతే పప్పు విడిగా తీయమని ముందే చెప్పాలి. ఫోన్‌పే ఉంది కానీ టవర్ పనిచేస్తేనే. అది నా చేతిలో పనే అయినా, గాలివాన వచ్చిన రోజు నేను అక్కడికి చేరేసరికే సాయంత్రమవుతుంది. కాబట్టి చిల్లర నోట్లు ఉంచుకోండి. చేప భోజనం వంద, పప్పు భోజనం అరవై, అంబలి పది. ఈ ధరలు నేను పోయిన నెల ఇచ్చినవి.

చోడవరం వైపు నుంచి ఎక్కేవాళ్ళు మాడుగులలో ఆగి హల్వా పావుకిలో కట్టించుకోండి. గోధుమ పాలు తీసి, పులియబెట్టి, నెయ్యి పోసి గంటల తరబడి తిప్పే హల్వా అది, చాలా రోజులు నిలవ ఉంటుంది. నేను ప్రతిసారీ రెండు పొట్లాలు తీసుకుంటాను. ఒకటి అక్క వాళ్ళ అమ్మాయికి. పోయినసారి ఇచ్చినప్పుడు ఆ పిల్ల పొట్లం విప్పి, ముందు వాళ్ళ నాయనమ్మ నోట్లో ఒక ముక్క పెట్టి, మిగతాది అడ్డాకులో చుట్టి బడి సంచిలో పెట్టుకుంది.