మెలకువలో జరిగిన నా మెదడు ఆపరేషన్: ఆ న్యూరోసర్జరీ విభాగం గురించి నా రివ్యూ

తెర మీద కత్తెర బొమ్మ వచ్చింది. "ఇది..." అన్నాను. తర్వాతి మాట రాలేదు. అదేంటో తెలుసు. దాంతో గుడ్డ కత్తిరిస్తారని తెలుసు, వేళ్లు ఎక్కడ దూర్చాలో తెలుసు. మాట మాత్రం లేదు. నాలుగు సెకన్లకి బొమ్మ మారింది. "ఇది నిచ్చెన" అని మామూలుగానే చెప్పేశాను. నా తల వెనక నుంచి సర్జన్ గొంతు వినిపించింది: "అక్కడ ఏడో నంబరు పెట్టండి."

నా మెదడు మీద ఆ చోట 7 అని రాసిన చిన్న చీటీ పెట్టారన్నమాట. ఇక ఆ చోటు జోలికి కత్తి వెళ్లదు.

ఇది జరిగి పదకొండు నెలలైంది. నేను అనువాదాలు చేస్తాను, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి. ఒకరోజు ఫోన్లో మాట్లాడుతుండగా ఉన్నట్టుండి మూతి కుడివైపుకి గుంజుకుపోయింది, మాట ఆగిపోయింది, ఆ వెంటనే ఫిట్స్. స్కాన్ తీస్తే మెదడు ఎడమవైపు ముందుభాగంలో గడ్డ. మాటకి సంబంధించిన చోటుకి ఆనుకునే ఉందన్నారు. ప్రాణభయం కన్నా ముందు, మాట పోతుందేమోనన్న భయం పట్టుకుంది నాకు. ఆపరేషన్ చేయించుకున్నది ఒక బోధనాసుపత్రిలో, వైద్యంతో పాటు పరిశోధన కూడా జరిగే న్యూరోసర్జరీ విభాగంలో. పేరు రాయను. మంచీ చెడూ రెండూ చెప్పాలి, అందుకని.

మొదటిరోజు మా ఆయన అడిగిన ప్రశ్న అందరూ అడిగేదే. "నెమ్మదిగా పెరిగేదే అంటున్నారు కదా డాక్టరు గారూ, కొన్నాళ్లు ఆగి చూడకూడదా?" "నా మాట వినండి, చేయించుకోండి" అంటారనుకున్నాను. అలా అనలేదు. కాగితం తీసుకుని రెండు గీతలు గీశారు. నార్వేలో రెండు ఆసుపత్రులు ఉండేవట. ఒకదానిలో ఇలాంటి గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్ష చేసి, ఆగి చూసేవాళ్లు. రెండోదానిలో ముందే ఆపరేషన్ చేసేవాళ్లు. ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది వాళ్లుండే ప్రాంతాన్ని బట్టే తేలిపోయేది. అందువల్ల రెండు పద్ధతుల్నీ పోల్చి చూడటానికి వీలు దొరికింది. 2012లో ఫలితాలు వచ్చాయి. అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మొదటిచోట 60 శాతం, రెండోచోట 74 శాతం. ఆ వెంటనే ఆయనే అన్నారు: "అయితే మేడమ్, అందులో ఉన్నది 153 మందే. లాటరీ వేసి రెండు గుంపులు చేసిన ట్రయల్ కాదది. ఇది తెలిసే మీరు నిర్ణయం తీసుకోండి."

తన వాదనకి ఉన్న లోపాన్ని తనే చెప్పిన డాక్టరుని అంతకు ముందు చూడలేదు నేను. ఆ విభాగం మీద నమ్మకం అక్కడే కుదిరింది.

మాట పోయే ప్రమాదం ఎంత అని అడిగితే ఇంకో లెక్క చూపించారు. 90 అధ్యయనాల నుంచి 8,091 మంది వివరాలు కలిపి 2012లోనే వేసిన లెక్క అది. కరెంటుతో మెదడుని పరీక్షించుకుంటూ ఆపరేషన్ చేసినవాళ్లలో చాలాకాలం నిలిచిపోయే తీవ్రమైన నష్టం 3.4 శాతం మందికి. అలా పరీక్షించకుండా చేసినవాళ్లలో 8.2 శాతం. గడ్డ పూర్తిగా తీయగలిగింది కూడా మొదటి పద్ధతిలోనే ఎక్కువమందికి. సన్నటి కరెంటు తాకిన చోటు కాసేపు పని ఆపేస్తుంది. అప్పుడు మాట ఆగిందంటే ఆ చోటు మాటకి కావాల్సిందని అర్థం. అది తెలియాలంటే నేను మెలకువగా ఉండి మాట్లాడాలి. మెలకువ ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఈ రివ్యూ రాస్తున్నదే దీనికోసం.

ఆపరేషన్‌కి ముందు రెండు రోజులు ఒక న్యూరోసైకాలజిస్టు, అంటే మాట, జ్ఞాపకం లాంటి మెదడు పనుల్ని పరీక్షించే నిపుణురాలు, నాతో కూర్చుంది. పాతికేళ్లు దాటి ఉంటాయేమో, తెలుగమ్మాయి. నూట ఇరవై దాకా బొమ్మలు చూపించింది. "ఇంట్లో మీరు ఏమంటారో అదే అనండి మేడమ్, పుస్తకాల మాట వద్దు" అంది. నేను తాళంచెవి అన్నాను. ఇంకొకరు తాళం అంటారు, అదీ తప్పు కాదంది. నేను తడబడిన బొమ్మ, ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా చెప్పిన బొమ్మ, ఏదైనా సరే పక్కన పడేసింది. ఎందుకంటే ఆపరేషన్ టేబుల్ మీద మాట ఆగితే అది కరెంటు వల్లే ఆగిందని తేలాలి, నాకు ముందే అలవాటు లేని మాట కావడం వల్ల కాదు. చివరికి ఎనభై పైచిలుకు మిగిలాయి.

తర్వాత పనుల బొమ్మలు. పిల్లవాడు పరిగెడుతున్నాడు, పాప బొమ్మ గీస్తోంది, మనుషులు బరువు మోస్తున్నారు. తెలుగులో క్రియ చివర్లోనే ఆడా మగా, ఒకరా పదిమందా తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రన్నింగ్ అంటే సరిపోతుంది, ఎవరు పరిగెత్తినా అదే మాట. కాబట్టి తెలుగు పరీక్షలో ఆ చివరి అక్షరాల్ని కూడా వినాలని ఆ అమ్మాయే ముందుగా అనుకుని పెట్టుకుంది. అది ఎంత పనికొచ్చిందో టేబుల్ మీద తెలిసింది. ఒకచోట కరెంటు తాకినప్పుడు నేను "పిల్లవాడు పరిగెడుతోంది" అన్నానట. నాకు తప్పు చెప్పానని కూడా తెలియలేదు. ఆ అమ్మాయి వెంటనే చెయ్యి ఎత్తింది. అక్కడా చీటీ పెట్టారు. తెలుగు రానివాళ్లు నా ఎదుట కూర్చుని ఉంటే ఆ తప్పు ఎవరి చెవినా పడేది కాదు.

నా పని రెండు భాషల్లోనూ అని చెప్తే ఇంగ్లీషు బొమ్మలు కూడా చేర్చింది. ఓజ్‌మన్, విటేకర్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే రాశారట, రెండు భాషలు వచ్చినవాళ్ల మెదడులో ఒక భాషని ఆపే చోటు ఇంకో భాషని ఆపకపోవచ్చని. ఏడో నంబరు దగ్గర అదే జరిగింది. తెలుగులో కత్తెర రాలేదు. మళ్లీ ఇంగ్లీషులో అడిగితే సిజర్స్ వచ్చేసింది. ఒక్కసారి చూసి వదిలేయలేదు, మధ్యలో వేరే చోట్లు చూస్తూ ఒక్కో చోటునీ మూడేసి సార్లు పరీక్షించారు. ఇంగ్లీషులో మాత్రమే అడిగి ఉంటే ఆ చోటుని ఖాళీ అనుకుని తీసేసేవాళ్లు.

టేబుల్ మీద ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు. మెదడుకి నొప్పి తెలియదు, అది నిజం. నొప్పంతా తల చర్మం మొద్దుబారడానికి ఇచ్చే ఇంజెక్షన్లదే, బాగా మండాయి. పుర్రె తెరిచేటప్పుడు నిద్రలోనే ఉన్నాను. లేపాక నోరు పిడచకట్టుకుపోయింది. మత్తు డాక్టరు తడి దూదితో పెదాలు తుడుస్తూ, నా ఎడమచెయ్యి పట్టుకునే ఉన్నారు. ఒకసారి కుడి బొటనవేలు దానంతటదే అదరడం మొదలైంది. టెన్షన్‌తో ఊపిరి బిగపట్టాను. ఎవరో "నీళ్లు" అన్నారు. ఫిట్స్ ఆపడానికి మెదడు మీద పోసే చల్లటి సెలైన్ అది, సిద్ధంగానే పెట్టుకుని ఉన్నారు. పోయగానే వేలు ఆగింది. మెలకువగా ఉన్నది రెండు గంటల పైన. చివరి అరగంటలో ఒక్కో మాటా బరువు మోసినట్టు వచ్చింది.

ఆ నంబరు చీటీలు కొత్తవేమీ కాదు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ దాదాపు తొంభై ఏళ్ల కిందటే మెదడు మీద అలా చీటీలు పెట్టి ఫొటోలు తీసేవారు. నా ఫొటో కూడా ఇచ్చారు. నేను చూశాను, అమ్మకి చూపించలేదు.

వార్డులో నా పక్క మంచం అమ్మాయికి ఏవీఎం, అంటే మెదడులో ధమనులూ సిరలూ నేరుగా కలిసిపోయి చిక్కుముడి పడటం. ఆ రక్తనాళాలు పగల్లేదు, తలనొప్పికని స్కాన్ చేయిస్తే బయటపడింది. "అక్కా, నాకు ఆపరేషన్ వద్దంటున్నారు, వదిలేశారంటావా?" అని అడిగింది ఒక రాత్రి. మర్నాడు రౌండ్స్‌లో ఆ ప్రశ్న నేనే అడిగాను. అరూబా అనే ట్రయల్ గురించి చెప్పారు. పగలని ఏవీఎం ఉన్న 223 మందిని లాటరీతో రెండు గుంపులు చేసి చూశారు. మందులతో మాత్రమే ఉంచినవాళ్లలో 10.1 శాతం మందికి పక్షవాతం గానీ మరణం గానీ వచ్చింది. ఆపరేషనో, రక్తనాళంలోంచి మూసే చికిత్సో, రేడియేషనో చేసినవాళ్లలో 30.7 శాతం. తేడా అంతుండేసరికి 2013లో ట్రయల్‌లో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేశారు. "కానీ అది సగటున 33 నెలల లెక్క. నీకు ముందు యాభై ఏళ్లున్నాయి. అందుకే వదిలెయ్యడం లేదమ్మా, స్కాన్లు తీస్తూ చూస్తాం, మారితే మళ్లీ ఆలోచిస్తాం" అన్నారు ఆ అమ్మాయితో. కత్తి చేతిలో ఉన్నవాళ్లు ఎప్పుడు పట్టకూడదో కూడా పరిశోధనే నేర్పిందని అప్పుడర్థమైంది నాకు.

ఇక బాగులేనివి. పరిశోధనకి ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం తెలుగు ప్రతి అసలు బాగులేదు. "కణజాల నిక్షేప కేంద్రం" అన్న మాట నాకే రెండోసారి చదివితే గానీ తలకెక్కలేదు. గడ్డలోంచి తీసిన ముక్కని గడ్డకట్టించి దాచి, తర్వాత పరిశోధనకి వాడతారని దానర్థం. ఈ ముక్క చెప్పడానికి రెండు పేజీలు. కాగితం తెచ్చిన రీసెర్చ్ కుర్రాడు మాత్రం నిజాయితీగా ఉన్నాడు. "దీనివల్ల మీకు లాభం ఏమీ ఉండకపోవచ్చు మేడమ్, సంతకం పెట్టకపోయినా వైద్యంలో తేడా రాదు" అని రెండుసార్లు చెప్పాడు. పెట్టాను. ఆ కాగితాన్ని తెలుగులో తిరగరాసి ఇస్తానన్నాను, ఇచ్చాను కూడా. వాడుతున్నారో లేదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

దానికన్నా బాధపెట్టింది రిపోర్టు. గడ్డ పేరు మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోయేది ఒకప్పుడు. ఇప్పుడు జన్యువుల పరీక్ష కూడా కావాలి. రెండు వారాల్లో అన్నారు, అయిదు వారాలు పట్టింది. ఆలస్యం సంగతి సరే, ఒక్క ఫోను లేదు. మేం చేస్తే ఒకరు ల్యాబ్‌ని అడగమన్నారు, ల్యాబ్ వాళ్లు డాక్టరుని అడగమన్నారు. ఆ అయిదు వారాలూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి ఆలిగోడెండ్రోగ్లయోమా, గ్రేడ్ 2 అని వచ్చింది, అంటే నెమ్మదిగా పెరిగే రకమే. ఐడీహెచ్ మ్యుటేషన్ ఉంది, అంటే ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు. ఈ రకం గడ్డలకి వోరాసిడెనిబ్ అనే మాత్రని 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతించారు. 331 మందితో చేసిన ట్రయల్‌లో గడ్డ మళ్లీ పెరగకుండా ఉన్న కాలం 11.1 నెలల నుంచి 27.7 నెలలకి పెరిగింది. నాకు ఇప్పుడే వద్దు, స్కాన్లలో మార్పు కనిపిస్తే మాట్లాడుకుందామన్నారు. ఇదంతా పది నిమిషాల్లో శ్రద్ధగా వివరించారు. ఆ పది నిమిషాలు మూడు వారాల ముందే దొరకాల్సింది.

మూడు నెలలకి మళ్లీ భాష పరీక్ష చేస్తామన్నారు, మర్చిపోయారు. అయిదో నెలలో నేనే అడిగి చేయించుకున్నాను. మొదటి రెండు వారాలు మాటల కోసం వెతుక్కున్న మాట నిజమే. ఇప్పుడు అనువాదం చేస్తున్నాను, మునుపటి కన్నా కాస్త నెమ్మదిగా.

ఎవరికైనా మెలకువ ఆపరేషన్ చెప్పి ఉంటే ఒక్కటి అడగండి: ఏ భాషలో పరీక్షిస్తారు, నా ఎదుట కూర్చునేవాళ్లకి ఆ భాష ఇంటిభాషేనా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోతే ఇంకోచోట కూడా అడిగి చూడండి. ఈ విభాగంలో ఆపరేషన్‌కి నేను అయిదుకి అయిదు ఇస్తాను. ఇంటికి పంపాక పట్టించుకోవడానికి రెండు.

తర్వాతి ఎమ్మారై వచ్చే నెలలో. ఈసారి రిపోర్టు ఏ రోజు ఇస్తారో, ఎవరు ఫోన్ చేస్తారో ముందే అడిగి కాగితం మీద రాయించుకున్నాను.