పైథాన్‌లో ఆర్డ్, సీహెచ్ఆర్: తెలుగు లిపితో వాడి చూశాక

అక్షరాన్ని దాని యూనికోడ్ సంఖ్యగా (ప్రపంచ లిపుల్లోని ప్రతి సంకేతానికీ కేటాయించిన సంఖ్య) మార్చే ఆర్డ్, ఆ సంఖ్యను తిరిగి అక్షరంగా మార్చే సీహెచ్ఆర్, ఈ రెండు ఫంక్షన్లూ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఏ మాడ్యూలూ తెచ్చుకోకుండానే అందుబాటులో ఉంటాయి. వీటి అసలు విలువ నాకు మా అమ్మ వల్ల తెలిసింది. ఆమె పారాయణ చేయాలనుకున్న సంస్కృత స్తోత్రం దేవనాగరిలోనే దొరికింది. ఆ లిపి ఆమెకు రాదు.

భారతీయ లిపులను యూనికోడ్‌లో ఇస్కీ అనే పాత భారతీయ సంకేత ప్రమాణపు వరుసలోనే అమర్చినందువల్ల, దేవనాగరి ‘క’ సంఖ్య 2325 అయితే తెలుగు ‘క’ సంఖ్య 3093, అంటే తేడా 768. ‘మ’కైనా, దీర్ఘానికైనా, విసర్గకైనా ఇదే తేడా. 2304 నుంచి 2431 వరకు ఉన్న ప్రతి సంకేతానికీ 768 కలిపి సీహెచ్ఆర్‌కు ఇస్తే, నాలుగు వరుసల కోడ్‌తో స్తోత్రమంతా తెలుగులోకి వచ్చేసింది. ఒత్తులు కూడా చెక్కుచెదరలేదు.

అయితే మొట్టమొదటి ఓంకారం ఉండవలసిన చోట, ప్రతి శ్లోకపాదం చివరి దండం (నిలువు గీత) ఉండవలసిన చోట ఖాళీ డబ్బాలు కనిపించాయి. ఓంకారం 2384, దానికి 768 కలిపితే వచ్చే 3152 దగ్గర తెలుగులో ఏ అక్షరమూ లేదు. సీహెచ్ఆర్ మాత్రం 0 నుంచి 1114111 వరకు ఏ సంఖ్య ఇచ్చినా, అక్కడ అక్షరం ఉన్నా లేకపోయినా, మాట్లాడకుండా తీసుకుంటుంది. నాకు నచ్చని గుణం ఇదొక్కటే. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నేమ్ ఫంక్షన్‌ను అడిగితే, అలాంటి సంకేతానికి పేరు లేదని వెంటనే ఎర్రర్ ఇస్తుంది కాబట్టి దాన్ని తోడు పెట్టుకోవడం మంచిది.

ఆర్డ్ అంత ఉదాసీనంగా ఉండదు. ‘క్ష’ ఇస్తే, మూడు సంకేతాల పొడవున్న స్ట్రింగ్ వచ్చిందంటూ టైప్ ఎర్రర్ చూపిస్తుంది. మనకు ఒకే అక్షరమైనది దానికి క, పొల్లు, ష. ఈ కచ్చితత్వమే తెలుగుతో పని చేసేవారికి మేలు చేస్తుందని నా అభిప్రాయం. పైథాన్ 2లో సీహెచ్ఆర్ 255 దగ్గరే ఆగిపోయేది, ఇప్పుడు ఆ బాధ లేదు.

చివరికి దండాల సంఖ్యలైన 2404, 2405లను మార్చకుండా వదిలేసి, ఓంకారానికి ‘ఓ’, సున్న కలిపి పెట్టాను. పెద్ద అక్షరాలతో ప్రింటు తీసిన ఆ కాగితాలు ఇప్పుడు అమ్మ పూజగదిలో ఉన్నాయి.