స్టార్ట్‌లోనే దూకాలా, దాచుకుని తొక్కాలా? ఎక్స్‌సీ రేసులో ఏది మేలు?

మౌంటెన్ బైక్ క్రాస్ కంట్రీ (ఎక్స్‌సీ) రేసుల్లో పేసింగ్ (ఓపికని ఎక్కడెంత ఖర్చుపెట్టాలన్న లెక్క) మాట వస్తే రెండు పార్టీలు తయారవుతాయి. ఒకళ్ళేమో స్టార్ట్ ఇవ్వగానే ఉన్నదంతా పెట్టి ముందుకెళ్ళిపో అంటారు, ఇంకోళ్ళు నిదానంగా మొదలెట్టు, చివరి ల్యాపుల్లో అలిసిపోయినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ దాటుకుంటూ పోవచ్చులే అంటారు. నేను రెండూ చేశా, రెండిట్లోనూ దెబ్బతిన్నా.

దూకేవాళ్ళ వాదనలో బలం ఉంది. అదే రోడ్డు మీద ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ అయితే ఈ గొడవే లేదు, మొదట్నుంచీ ఒకే లెక్కన తొక్కడమే. ఇక్కడ అలా కాదు కదా, వెడల్పు దారి కాసేపే ఉంటుంది, ఆ తర్వాత సింగిల్ ట్రాక్, ఒకళ్ళ వెనక ఒకళ్ళే. అందులోకి ముప్పయ్యో వాడిగా దూరామా, ముందువాడు రాళ్ళ దగ్గర కాలు కింద పెట్టిన ప్రతిసారీ మనమూ ఆగాలి, మళ్ళీ సున్నా నుంచి స్పీడ్ అందుకోవాలి, ఈలోపు ముందు గుంపు కనపడకుండా పోతుంది. వరల్డ్ కప్పుల్లో ముందు వరసల కోసం అంత కొట్టుకునేది ఇందుకే, అక్కడ ఆ వరసలు ఇరవై నిమిషాల షార్ట్ ట్రాక్ రేసు ఫలితాన్ని బట్టి కూడా ఇస్తారు.

కాకపోతే మొదటి రెండు నిమిషాలు మనల్ని మోసం చేస్తాయి. గుండె రేటు ఆలస్యంగా ఎక్కుతుంది కాబట్టి వాచీలో నంబర్ మామూలుగానే ఉంటుంది, కాళ్ళూ ఫ్రెష్‌గా ఉంటాయి, ఇవాళ మన రోజే అనిపిస్తుంది. నిజానికి అప్పటికే అప్పు మొదలైపోయింది. లిమిట్ (ఎక్కువసేపు నిలబెట్టుకోగలిగే జోరు) పైన తొక్కే ఓపిక చిన్న గిన్నెడే, లిమిట్ కిందకి దిగితేనే మళ్ళీ నిండుతుంది. దిగుడు వచ్చినప్పుడు నింపుకోవచ్చులే అనుకుంటాం గానీ పెడల్స్ మీద నిలబడి, చేతులతో బైక్‌ని ఆపుకుంటూ దిగడం కూడా పనే, గుండె రేటు అక్కడ అనుకున్నంత పడదు.

నిదానం పార్టీకి వస్తే, చివరి ల్యాపుల్లో జనాన్ని దాటుతుంటే వచ్చే కిక్కే వేరు, ఒప్పుకుంటా. కానీ ఒక్కొక్కళ్ళని దాటడానికీ మంచి లైన్ (చక్రం సాఫీగా పోయే దారి) వదిలి పక్కన గడ్డిలోంచి స్ప్రింట్ కొట్టాలి, అలా పదిమందిని దాటేసరికి స్టార్ట్‌లో దాచిన ఓపిక అక్కడే ఖర్చు. బ్రిటిష్ రైడర్ టామ్ పిడ్‌కాక్ పారిస్ ఒలింపిక్స్‌లో (2024) పంక్చర్ అయ్యి వెనకబడి కూడా గోల్డ్ కొట్టాడు కదా అంటారు. నిజమే, కానీ అతను స్టార్ట్‌లో దాచుకుని గెలవలేదు, మధ్యలో పోయిన టైమ్‌ని తిరిగి లాక్కున్నాడు. పైగా ఆ ఇంజిన్ మన దగ్గర లేదు.

అందుకని నా ఓటు కలగలుపుకి. సింగిల్ ట్రాక్ మొదలయ్యేదాకా గట్టిగా, లోపలికి దూరిన వెంటనే ఒక మెట్టు దిగడం. చాలామంది చెడిపోయేది ఆ మెట్టు దిగే దగ్గరే, స్టార్ట్‌లో కాదు. ముందువాడి చక్రం వదలబుద్ధి కాక మొదటి ల్యాప్ మొత్తం అదే ఊపులో లాగేస్తారు (నేనూ అంతే చేశా, మూడో ల్యాప్‌లో బైక్ నెట్టుకుంటూ ఎక్కా). ఎక్కువైందని తెలుసుకోడానికి నాకు వాచీ కంటే దిగుడే నమ్మకం, నిన్న ప్రాక్టీస్‌లో హాయిగా దిగిన రాళ్ళ దగ్గర ఇవాళ లైన్ తప్పుతున్నామంటే పైకి ఎక్కేటప్పుడు మితిమీరినట్టే. పవర్ మీటర్ (ఎంత బలంతో తొక్కుతున్నామో చూపించేది) పొడుగాటి ఎత్తుల మీద పనికొస్తుంది, మిగతా చోట్ల నంబర్ సున్నాకీ ఆకాశానికీ గెంతుతూ ఉంటుంది, చూసి లాభం లేదు.

ఈ లెక్కంతా గంటన్నర రేసుకి. నాలుగైదు గంటల మారథాన్ అయితే మారుమాట లేకుండా నిదానం పార్టీయే, దూకినవాడు తిండి కూడా మింగలేడు. స్టార్ట్ నుంచి రెండు మూడు కిలోమీటర్లు వెడల్పు రోడ్డే ఉన్న కోర్స్ అయినా అంతే, దాటడానికి చోటుంది, తొందరేం లేదు. ఇక చివరి వరసలో నిలబెట్టారా, స్ప్రింట్ కొట్టినా ముందు గోడలా జనమే ఉంటారు, అప్పుడు మాత్రం ఊరికే కాళ్ళు కాల్చుకోకుండా అంచు పట్టుకుని సందు దొరికినప్పుడల్లా దూరడమే.