పెన్నా ఇసుకలో మూడేళ్లు నడిపిన మోటార్

మా 1/10 సైజు ఫోర్‌వీల్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే బొమ్మ) ట్రక్కుకి మొదట కొన్నది 3650 సైజు, 3900 కేవీ బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్షులు లేని) మోటార్. కేవీ, అంటే వేగం లెక్క, ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్న రోజులవి. కడప వీధుల్లో రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో బాగానే ఉరికింది. మే నెలలో చెన్నూరు దగ్గర పెన్నా ఇసుకలోకి దించాను. పది నిమిషాలు కాలేదు, మా అక్క కొడుకు "మామా, కాలిన వాసన వస్తాంది" అన్నాడు. మోటార్ డబ్బా మీద వేలు పెట్టి చూశాను, బొబ్బ లేచింది. ఆ తర్వాత దానికి పాత ఊపు రాలేదు. అతిగా వేడెక్కి, లోపల తిరిగే రోటర్ అయస్కాంతం బలం తగ్గితే, చల్లారినా మళ్లీ రాదు.

దాని స్థానంలో వచ్చిందే ఈ 3660 సైజు, 2600 కేవీ మోటార్.

కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందనే లెక్క. కిలోవోల్టు కాదు, నేనే ఏడాదిపాటు అలా అనుకున్నాను. 3900ని రెండు సెల్స్ 7.4 వోల్టులతో గుణిస్తే 28,860. 2600ని మూడు సెల్స్ 11.1తో గుణించినా అదే 28,860! వేగం ఎక్కడికీ పోలేదు. వోల్టేజీ పెరిగింది కాబట్టి అదే పనికి బ్యాటరీ నుంచి లాగే కరెంటు మూడింట రెండు వంతులైంది. వైర్లు, కనెక్టర్లు ఇప్పుడు చేత్తో పట్టుకోవచ్చు. మోటార్ వేడి తగ్గడానికి మాత్రం ఎక్కువ కారణం దాని సైజే అనుకుంటా: వ్యాసం అదే 36 మి.మీ., పొడవు 50 బదులు 60. ఇసుక రోజుల్లో మోటార్ మీద భారం తగ్గేందుకు పినియన్ (షాఫ్టుకు తగిలించే చిన్న పళ్లచక్రం) కూడా 15 పళ్లది తీసి 13 పళ్లది వేస్తాను.

ఖర్చు అక్కడితో ఆగలేదు. పాత ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పెట్టె) రెండు సెల్స్‌కే పనికొచ్చేది, అదీ మార్చాల్సి వచ్చింది. షాఫ్ట్ 3.175 మి.మీ. కాబట్టి పాత పినియన్లు సరిపోయాయి. 5 మి.మీ. షాఫ్టువీ దొరుకుతాయి, కొనేముందు చూసుకోండి.

మూడేళ్లలో బేరింగులు రెండుసార్లు పోయాయి. షాఫ్టును వేళ్లతో తిప్పితే అన్నంలో రాయి తగిలినట్టు గరగరమంటుంది, అప్పుడే మార్చేయాలి. బండల పాలిష్ మిషన్ల దగ్గరి దుమ్ము బేరింగులకు ఇసుకకన్నా చెడ్డది. తడి తగిలితే గట్టిగా పట్టేస్తుంది.

నచ్చనిది ఒక్కటే. ఇది రోటర్ ఏ స్థితిలో ఉందో చెప్పే సెన్సర్ లేని రకం. నిలబడ్డచోటు నుంచి మెల్లగా కదలమంటే వణికి వణికి కదులుతుంది. నాకు కావలసింది ఇసుకలో పరుగు కాబట్టి సర్దుకున్నాను. రాళ్ల గుట్టలు మెల్లగా ఎక్కించాలనుకునేవాళ్లు సెన్సర్ ఉన్నదే తీసుకోండి.

పాత 3900 మోటార్‌ను మావాడు విప్పేశాడు. అందులోని అయస్కాంతానికి మేకులు అతికించి ఆడుకుంటున్నాడు.