బస్సులో ఆ ఒక్క చోటు: వీల్‌చైర్‌కా, చంటిపిల్లల బండికా?

విశాఖ సిటీ బస్సుల్లో ఈ తగాదా ఇంకా పెద్దగా కనిపించదు. ఎత్తు మెట్ల మీదుగా వీల్‌చైర్ ఎక్కించడమే గగనం. తల్లులేమో బండి ఇంట్లో వదిలేసి బిడ్డను చంకనేసుకుని వస్తారు. ర్యాంపు, వీల్‌చైర్ నిలిపే ఒక ఖాళీ చోటు ఉన్న లో ఫ్లోర్ (నేలకు దగ్గరగా ఉండే) బస్సులు పెరిగితే మాత్రం మద్దిలపాలెంలోనో గాజువాకలోనో ఈ ప్రశ్న రాక తప్పదు.

ముందొచ్చినవాళ్లదే చోటు అంటే కండక్టర్‌కు టెన్షన్ ఉండదు. కానీ అది న్యాయం కాదు. బండి మడవొచ్చు, బిడ్డను ఒళ్లో పెట్టుకోవచ్చు. వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని లేచి వేరే సీట్లో కూర్చోమనలేం. అతను దిగిపోతే కేజీహెచ్ ఆసుపత్రిలో ఓపీ టైమ్ దాటిపోతుంది, తర్వాతి బస్సులో చోటుంటుందన్న నమ్మకమూ లేదు.

వీల్‌చైర్‌కే ముందు అని బోర్డు పెట్టి, మర్యాదగా అడిగి ఊరుకుంటే? బ్రిటన్‌లో అదే జరిగింది. 2012లో డగ్ పాలీ అనే ప్రయాణికుడు బస్సు ఎక్కబోతే, ఆ చోటులో నిద్రపోతున్న బిడ్డతో బండి ఉంది. డ్రైవర్ అడిగినా తల్లి కదలలేదు, ఆయన దిగిపోయారు. ఒక్కసారి అడిగి వదిలేస్తే చాలదని, అవసరమైతే బస్సు కాసేపు ఆపాలని 2017లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. బలవంతంగా దించమని మాత్రం అనలేదు.

నా ఓటు వీల్‌చైర్‌కే, కానీ తల్లిని గాలికొదిలేసి కాదు. ఒక చేతిలో బిడ్డ, ఇంకో చేతిలో సంచి ఉంటే బండి ఎలా మడుస్తుంది? మన బస్సుల్లో కండక్టర్ ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ముందు ఆమెకు సీటు ఇప్పించి, బండి మడిచి పెట్టాలి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అలా కిక్కిరిసిన బస్సులో వీల్‌చైర్ చోటు ఆక్రమించేది పిల్లల బండి కన్నా నిలబడ్డవాళ్లు, వాళ్ల సామాన్లే. వాళ్లనూ జరగమనాల్సిందే.

రెండింటికీ వేర్వేరు చోట్లు ఇస్తే గొడవే ఉండదు గానీ, సీట్లు తగ్గి ముసలివాళ్లు నిలబడాలి. దానికన్నా గోడవైపు మడిచే సీట్లు మేలు. ఎవరూ రాకపోతే కూర్చుంటారు, వీల్‌చైర్ వస్తే పైకి మడుస్తారు.

ఒక్క మినహాయింపు కావాలి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల ప్రత్యేక బండి మామూలు పిల్లల బండిలాగే కనిపిస్తుంది. మడవమని ఆ తల్లితో వాదించకూడదు, దాన్నీ వీల్‌చైర్‌గానే లెక్కించాలి.