పూల లోయలో టెంట్ బస అంటే డబ్బు కట్టకండి

ఈ ఆగస్టుకి ఉత్తరాఖండ్‌లోని పూల లోయ, అదే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, చూడాలని ప్యాకేజీలు వెతుకుతున్నవాళ్లు అడ్వాన్స్ పంపే ముందు ఇది చదవండి. పోయిన ఆగస్టు రెండో వారంలో నేను, మా వదినగారు (మా ఆయన అక్కగారు), ఆవిడ కొడుకు ముగ్గురం వెళ్లాం. తలా 16,500 చొప్పున మొత్తం 49,500 కట్టాం. హరిద్వార్‌లో ఎక్కించుకుని మళ్లీ హరిద్వార్‌లో దింపాలి, ఆరు రాత్రులు, ఏడు పగళ్లు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. పైగా పేరు రాసినా పెద్దగా లాభం లేదు. మాకు వచ్చిన పీడీఎఫ్‌నే పైన బొమ్మ మార్చి ఇంకొకళ్లు కూడా పంపుతున్నారని మా బ్యాచ్‌లో ఒకాయన చూపించాడు.

ఆ పీడీఎఫ్‌లో మూడో రోజు, నాలుగో రోజు ఎదురుగా ‘పూల మధ్య టెంట్లలో రెండు రాత్రులు, క్యాంప్ ఫైర్’ అని ఉంది. నేను అక్కడే ఆగాల్సింది. ఆ లోయ 1982 నుంచి జాతీయ ఉద్యానవనం, 2005 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. లోపల రాత్రి ఉండటానికి ఎవరికీ అనుమతి లేదు. టెంట్ వేయనివ్వరు, మంట పెట్టనివ్వరు, గుర్రాల్ని కూడా గేటు దాటనివ్వరు. పొద్దున వెళ్లాలి, సాయంత్రం ఐదింటికల్లా బయటికి వచ్చేయాలి, మధ్యాహ్నం ఒక టైము దాటాక కొత్తగా ఎవర్నీ లోపలికి పంపరు. ఎంత పెద్ద సంస్థతో వెళ్లినా రాత్రి పడుకునేది మూడు నాలుగు కిలోమీటర్లు కింద ఉన్న ఘాంగరియా అనే ఊళ్లోనే. ఇందులో రహస్యం ఏమీ లేదు. పది నిమిషాలు వెతికితే తెలిసేది. నేను ఆ పది నిమిషాలూ ఫొటోలు చూస్తూ కూర్చున్నాను.

ఫొటోల దగ్గర వదినగారు మాత్రం పట్టేశారు. ‘బ్రహ్మకమలాల మధ్య నడక’ అని రాసి తెల్లటి పువ్వు బొమ్మ వేశారు. ఆవిడ చూసి, “ఇది మన డాబా మీద కుండీలో పూసేదేగా అమ్మాయ్, రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి తల వాల్చేస్తుంది?” అన్నారు. అక్షరాలా నిజం. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలుచుకునేది ఒక జెముడు జాతి మొక్క, అమెరికా ఖండం నుంచి వచ్చింది. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం దీనికి చుట్టం కూడా కాదు. దానికి బయట లేత ఆకుపచ్చ-పసుపు రంగులో పల్చటి కాగితంలాంటి రేకులు దొన్నెలా మూసుకుని ఉంటాయి, లోపల ఊదా రంగు పూలగుత్తి ఉంటుంది. అదైనా ఎక్కువగా కనిపించేది లోయలో కాదు, పక్కనే సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్‌కి ఎక్కే దారిలో, బాగా పైన. ఆ పువ్వు బొమ్మే సరిగ్గా పెట్టలేనివాళ్లు మనల్ని దాని దగ్గరికి ఏం తీసుకెళ్తారు? ఈ ప్రశ్న నాకు ఇప్పుడు వస్తోంది. అప్పుడేమో, “హిమాలయాల్లో ఇలాగే ఉంటుందేమోలే వదినా” అని నేనే సర్దిచెప్పాను.

రివ్యూలు చూడలేదా అని అడుగుతారు. చూశాను. అన్నీ ఐదు నక్షత్రాలే. ఆ కిటుకు హరిద్వార్‌లో తెలిసింది. మొదటి రోజు వ్యాన్ ఎక్కకముందే అందర్నీ నిలబెట్టి, ఇప్పుడే రివ్యూ రాసినవాళ్లకి చేతికర్ర అద్దె ఉచితం అన్నారు. మా మేనల్లుడు కూడా ‘అద్భుతమైన అనుభవం’ అని కొట్టేశాడు. అప్పటికి మాకు అయిన అనుభవం ఒక టీ. కాబట్టి రివ్యూల్లో నక్షత్రాలు లెక్కపెట్టకండి. మూడో రోజు ఏమైంది, ఘాంగరియాలో గది ఎలా ఉంది అని ఒక్క ముక్కైనా రాశారేమో చూడండి. మాలాంటివాళ్లు రాసినవాటిలో అది ఉండదు, ఎందుకంటే రాసేటప్పటికి మేమింకా కొండ ఎక్కలేదు.

డబ్బు కట్టిన తీరు కూడా చెప్పాలి, తప్పు నాదే అయినా. సంస్థ ఖాతాకి జీఎస్టీ పడుతుంది, ఈ నంబరుకి పంపితే మీకు తగ్గుతుంది అని ఒక వ్యక్తి యూపీఐ ఇచ్చారు. పంపాను. రసీదు అడిగితే ‘రిసీవ్డ్’ అని వాట్సాప్‌లో ఒక్క మాట. ఇప్పుడు ఫిర్యాదులో వాళ్ల లాయరు మొదట అడిగింది ఆ నంబరు మాదేనని రుజువేంటి అని.

బయలుదేరాల్సింది ఐదింటికి, బయలుదేరింది ఎనిమిదిన్నరకి. రెండు వ్యాన్లలో కలిపి మేం 31 మంది. పీడీఎఫ్‌లో ఎనిమిది మందికి ఒక అనుభవజ్ఞుడైన గైడ్ అని ఉంటే, వచ్చింది ఒకే ఒక్కడు, ఇరవయ్యేళ్లు ఉంటాయేమో. పీపల్‌కోటి దాటకముందే చీకటి పడింది, ముందు కొండచరియ విరిగిపడి దారి మూసేశారు. ఆ రాత్రి అక్కడే, జోషీమఠ్ చేరలేదు.

ఇక్కడ ఒక మాట. దారి మూసుకుపోవడం వాళ్ల తప్పని నేను అనను. బదరీనాథ్ వెళ్లే ఆ దారిలో వానాకాలం చరియలు పడుతూనే ఉంటాయి, రాత్రిళ్లు బళ్లు వదలరు. కానీ ఆ లోయలో పూలు పూసేదే వానలకి. జూన్‌లో వెళ్తే వాన తక్కువ, పూలూ తక్కువే. జూలై సగం నుంచి ఆగస్టు చివరిదాకా నిండుగా ఉంటాయి, వానలూ అప్పుడే. పూలు నిండుగా ఉన్న రోజుల్లో టూర్ అమ్మేవాడికి దారి మూసుకుపోతుందని తెలియకుండా ఉండదు. అలాంటప్పుడు ఏడు రోజుల్లో ఒక్క ఖాళీ రోజైనా పెట్టుకోవాలి, పొద్దున్నే బయలుదేరాలి. మూడున్నర గంటలు హరిద్వార్‌లోనే పోగొట్టి ‘ప్రకృతి మన చేతిలో లేదు కదా మేడమ్’ అంటే ఎలా? ఆ తర్వాత నేను ఏది అడిగినా ఆ వాక్యమే జవాబు. దుప్పట్లు తడిగా ఉన్నాయంటే వాన. ముగ్గురికి అన్న గదిలో ఆరుగురిని వేశారేంటంటే వాన.

రెండో రోజు గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపు. ప్యాకేజీలో కలిసే ఉందన్నది అక్కడికి వెళ్లాక మేమే కట్టుకోవాల్సి వచ్చింది. పుల్నా నుంచి ఘాంగరియాకి దాదాపు పది కిలోమీటర్లు ఎక్కుడు. మధ్యాహ్నం మొదలుపెట్టి ఏడు దాటాక టార్చి వెలుగులో చేరాం.

మూడో రోజు. మేం డబ్బు కట్టిందే ఈ రోజు కోసం. పర్మిట్లు ముందే తీసి ఉంటాయని చెప్పారు, తీయలేదు. 31 మంది ఆధార్ కార్డులు పోగుచేసి గేటు దగ్గర వరసలో నిలబడి లోపలికి అడుగుపెట్టేసరికి 11. గేటు దాటాక పుష్పావతి నది మీద వంతెన, దాని తర్వాత నిట్టనిలువు మెట్ల దారి, అది ఎక్కాకే లోయ విచ్చుకుంటుంది. మేం అక్కడికి చేరి పొట్లాల్లో మెత్తబడిన పరాఠాలు తింటుండగా చినుకులు మొదలయ్యాయి, ఒంటిగంటన్నరకి గైడ్ వెనక్కి తిప్పేశాడు. అసలు లోయలో ఉన్నది ముప్పావు గంట. మేం నిలబడ్డ చోట కనిపించినవాటిలో సగానికి పైగా తెల్లటి గుత్తులున్న ఒక కలుపు మొక్క. అక్కడివాళ్లు దాన్ని అమేలా అంటారు, మిగతా పూల మొక్కల్ని అణిచేస్తోందని అటవీశాఖ పీకిస్తూ ఉంటుంది. మావాళ్లు దాని ముందే నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు, పాపం.

గైడ్ కుర్రాడు ఆ సాయంత్రం మాతో నిజం చెప్పాడు. అతను కూడా లోయకి రావడం అదే మొదటిసారి. వాళ్ల సార్ నాలుగు రోజుల ముందు పిలిచి పంపాడు, జీతం ఇంకా ఇవ్వలేదు. నాకు అతని మీద కోపం లేదు. రాత్రి అందరికీ వేడినీళ్ల కోసం బకెట్లు మోసింది అతనే.

నాలుగో రోజు హేమకుండ్. ఘాంగరియా సుమారు 3,050 మీటర్లు, హేమకుండ్ 4,300 పైనే. అంటే ఆరు కిలోమీటర్లలో పన్నెండొందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. అసలు ప్లాన్ ప్రకారం రెండు రోజులు లోయలో తిరిగి ఒళ్లు ఎత్తుకి అలవాటు పడ్డాక ఎక్కాలి, దాన్ని ముందుకు జరిపేశారు. నాలుగో కిలోమీటరు దగ్గర వదినగారికి తల పగిలిపోయే నొప్పి, వాంతి, అడుగు తూలుతోంది. ఆవిడకి 54 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటారు, అది బుకింగ్ ఫారంలో రాశాం కూడా. గైడ్ ముందున్నవాళ్లతో ఎక్కడో పైన ఉన్నాడు. సిగ్నల్ లేదు. పీడీఎఫ్‌లో ఉన్న ఆక్సిజన్ సిలిండరు హరిద్వార్ వ్యాన్‌లోనే ఉండిపోయిందని తర్వాత చెప్పారు. దారిన పోతున్న ఒక గుర్రం అతను ఆవిడ మొహం చూసి, బేరం కూడా ఆడకుండా, “పైకి వద్దు, ముందు కిందికి దించండి” అన్నాడు. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి మొదటి మందు అదే, ఉన్న చోటు కన్నా పైకి పోకూడదు, దిగిపోవాలి. 1,500 తీసుకుని గుర్రం మీద జాగ్రత్తగా దించాడు. సాయంత్రానికి తేరుకున్నారు. మా మేనల్లుడు ఆ రాత్రి, “అత్తా, ఆ గుర్రం అంకుల్ లేకపోతే?” అని రెండుసార్లు అడిగాడు. నేను నిద్రపోయినట్టు నటించాను.

ఐదో రోజు పొద్దున అందరూ దిగిపోవాలి, వాతావరణం బాగాలేదు అన్నారు. బయట చూస్తే ఎండ కాస్తోంది. ఒక రోజు ముందే దింపడం ఎందుకంటే అవే వ్యాన్లు తర్వాతి బ్యాచ్‌ని ఎక్కించుకోవాలి. మేం దిగం అన్నాం. వదినగారే, “నేను గదిలో పడుకుంటా, వాణ్ని తీసుకెళ్లి చూసిరా. ఇంత దూరం కలుపు మొక్క చూడ్డానికి వచ్చామా” అన్నారు.

ఏడింటికి గేటు దగ్గర మేమే టిక్కెట్లు కొనుక్కుని లోపలికి వెళ్లాం. ఆ ఐదు గంటల గురించి రాస్తే ఇది హెచ్చరికలా ఉండదు. కానీ కొంచెం రాస్తాను, లేకపోతే అక్కడికి వెళ్లడమే దండగ అనుకుంటారు. నడుము ఎత్తు గులాబీరంగు కాశీతుమ్మలు, మన పెరటి కాశీతుమ్మకి పెద్దక్కలు, వాలు మొత్తం నిండిపోయి, మధ్యలో ఊదా జెరేనియాలు. ఒక రాతి సందులో నీలి గసగసాల పువ్వు ఒక్కటే, రేకుల మీద నీటిబొట్లు నిలిచి ఉన్నాయి. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం దారితప్పి ఇక్కడికే వచ్చిపడింది. ఇంకా లోపలికి వెళ్తే జోన్ మార్గరెట్ లెగ్గె సమాధి ఉంది, పూలు సేకరించడానికి వచ్చి 1939లో ఇక్కడే జారిపడి చనిపోయిన ఆవిడ. సమాధి చూపిస్తామని ప్యాకేజీలో రాశారు, 31 మందిలో దాని దగ్గరికి వెళ్లింది మేమిద్దరమే.

ఆ రాత్రి గది, తిండి, మర్నాడు జోషీమఠ్ దాకా జీపులు, అక్కడ బస, ఏడో రోజు పొద్దున్నే రిషికేశ్ బస్సు, అన్నీ కలిపి ముగ్గురికీ 9,400 అయింది. దీన్నిబట్టి ప్యాకేజీలో మనం దేనికి కడుతున్నామో లెక్కేసుకోండి. పుల్నా నుంచి ఘాంగరియా దాకా రాళ్లు పరిచిన దారి, సీజన్‌లో హేమకుండ్ యాత్రికులు పగలంతా నడుస్తూనే ఉంటారు, తప్పిపోయే ప్రశ్నే లేదు. ఘాంగరియాలో రాష్ట్ర పర్యాటక సంస్థ విశ్రాంతి గృహం ఉంది, గురుద్వారా ఉంది. నలుగురు తోడుంటే మీరే వెళ్లగలరు. పెద్దవాళ్లు ఉన్నారు, గైడ్ కావాల్సిందే అనుకుంటే మాత్రం, వచ్చే గైడ్‌తో ముందే ఫోన్‌లో మాట్లాడించమనండి. ఎన్నిసార్లు లోయకి వెళ్లాడో, ఎవరైనా మధ్యలో దిగాల్సివస్తే వాళ్లతో ఎవరు దిగుతారో అతన్నే అడగండి. మా సంస్థ దగ్గర ఆ రెండో ప్రశ్నకి జవాబే లేదు, ఒక్క గైడ్ ఇద్దరుగా చీలడు కదా.

ఇంటికొచ్చాక సగం డబ్బు అడిగాను. ‘గ్రూపుని మీరే వదిలేశారు కాబట్టి మా బాధ్యత తీరిపోయింది’ అన్నారు. కావాలంటే కశ్మీర్ ట్రెక్‌లో తలా 3,000 తగ్గిస్తాం అన్నారు. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చేశారు. గైడ్ వ్యాన్‌లో పెట్టిన మెసేజ్‌లు, ఆక్సిజన్ సిలిండరు ఫొటోతో సహా, తీసేశారు. అప్పటికే స్క్రీన్‌షాట్లు తీసి ఉండబట్టి సరిపోయింది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. వాళ్లు పంపిన నోటీసుకి సంస్థ అదే ‘ప్రకృతి’ జవాబిచ్చింది. తర్వాత వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి పెట్టాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, హరిద్వార్ వెళ్లక్కర్లేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. పెట్టిన పదిహేను రోజులకి ఫోన్ వచ్చింది, 20,000 ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకుని మీ అబ్బాయి రాసిన రివ్యూని అలాగే ఉంచండి అని. మావాడు ఆ రాత్రే రివ్యూ మార్చి, ఏడు రోజులూ ఏం జరిగిందో తేదీలతో రాశాడు. వాయిదా వచ్చే నెల. ఈలోగా మీకు ఎవరైనా పూల మధ్య టెంట్ల పీడీఎఫ్ పంపి ఉంటే, సంస్థ పేరు కొట్టేసి ఆ పేజీ నాకు పంపండి, మాదీ అదీ పక్కపక్కన పెట్టి కమిషన్‌కి ఇస్తాను.