పాతకాలపు సొగసుతో తోటలో పెళ్లి: మేం మాట్లాడుకున్న ప్లానింగ్ సర్వీసు ఎలా చేసిందంటే

మా చెల్లి పెళ్లి తోటలో జరిగింది. చెట్ల మధ్య, సాయంత్రం వెలుగులో, పాత ఆల్బమ్‌లోని ఫోటోలా కనిపించాలని దాని కోరిక. దానికోసం మేం పెట్టుకున్న ప్లానింగ్ సర్వీసు గురించి ఇక్కడ రాస్తున్నాను. మెచ్చుకోవాల్సిన పని చాలా చేశారు, గట్టిగా అనాల్సినవీ కొన్ని ఉన్నాయి. అందుకే పేరు రాయడం లేదు. వాళ్లు పని చేసిన తీరు చదివితే మీరు ఎవర్ని మాట్లాడుకున్నా ఏం అడగాలో తెలుస్తుంది.

వీళ్లకంటే ముందు ఇంకొందరితో మాట్లాడాం. అందరి ఆల్బమ్‌లలోనూ అవే వస్తువులు. తోలు సూట్‌కేసులు, తుప్పు రంగు వేసిన సైకిలు, టైప్‌రైటరు, ఎవరివో తెలియని పాత ఫోటోల ఫ్రేములు. వాటిని లాన్‌లో పరిస్తే నాటకానికి వేసిన సెట్టులా ఉంటుందే తప్ప మా చెల్లి అనుకున్నది రాదు. ఈ ప్లానర్ ఒక్కావిడే ఆల్బమ్ తెరవకుండా తోట చూస్తానంది. అది కూడా పెళ్లి జరిగే టైముకే రావాలంది. "ఎండ ఎటు నుంచి పడుతుందో, ఏ చెట్టు నీడ ఎంతవరకు వస్తుందో చూడకుండా పందిరి ఎక్కడ వెయ్యాలో నేను చెప్పలేనండి" అంది. ఆ మాటతోనే మాకు నమ్మకం కుదిరింది.

వచ్చి చేసింది కూడా అదే. పెద్ద చెట్టు కింద నిలబడి, సూర్యుడు దిగే దిక్కు చూసుకుని, కుర్చీల వరసలు పక్కకి తిప్పించింది. మేం ముందు అనుకున్నట్టు వేస్తే వచ్చినవాళ్లందరికీ ఎండ సూటిగా కళ్లలో పడేది. ఆమె చెప్పినట్టు వేశాక వెలుగు అందరికీ పక్కనుంచి వచ్చింది, చెల్లి మొహం మీద మెత్తగా పడింది. సూర్యాస్తమయానికి ముందు ఉండే ఆ బంగారు వెలుగు ఏ డెకరేటరూ అద్దెకు ఇచ్చేది కాదు. సూర్యుడు బాగా కిందికి దిగినప్పుడు వెలుగు గాలి పొరల్లో చాలా దూరం ప్రయాణించాలి, దారిలో నీలం రంగు చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. అందుకే ఆ ఫోటోలు ఏ ఫిల్టరూ లేకుండానే పాత రోజులవి అనిపిస్తాయి. పెళ్లి తంతు ఆ గంటకి ముందే అయిపోయేలా, జంట ఫోటోలు సరిగ్గా ఆ గంటలో పడేలా ఆమె టైము లెక్క వేసింది. మిగతా ఏర్పాట్లన్నీ ఆ లెక్క చుట్టూనే తిరిగాయి. ఈ సర్వీసుకి నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది ఇక్కడే.

కుర్చీల విషయం కాస్త వివరంగా చెప్పాలి. తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలకి గుడ్డ తొడిగి వెనక రిబ్బన్ కట్టడం వద్దని మొదటే చెప్పేసింది. వంచిన చెక్కతో చేసిన సన్నటి కుర్చీలు తెప్పించింది. ఆ డిజైను 1859 నాటిది. థోనెట్ కంపెనీ బీచ్ చెక్కని ఆవిరిలో మెత్తబరిచి వంచి చేసిన 14వ నంబరు కుర్చీ అది. ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. విడగొడితే ఒక క్యూబిక్ మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవట. మాకు వచ్చినవి ఆ నమూనాలో ఈ మధ్య చేసినవే, అయినా గడ్డి మీద వరసగా వేసినప్పుడు వాటికి ఇంకే అలంకారమూ అక్కర్లేకపోయింది. పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించే చియవారి కుర్చీల పుట్టుక ఇంకా పాతది, 1807లో ఇటలీలో. అయితే మాకు చూపించినవి బంగారు రంగు పూసిన ప్లాస్టిక్‌వి. దగ్గరికి వెళ్తే ఆ తేడా తెలిసిపోతుంది.

అయితే ఇదే కుర్చీలతో ఇబ్బంది కూడా వచ్చింది. కాళ్లు సన్నం కదా, మెత్తటి లాన్‌లో దిగబడ్డాయి. పెద్దవాళ్లు కూర్చోగానే ఒక పక్కకి ఒరిగాయి. తోటవాళ్లు అంతకుముందు సాయంత్రం కూడా నీళ్లు పెట్టారు. గడ్డి రెండు మూడు రోజుల ముందు కోయించి, నీళ్లు ముందే ఆపించి ఉంటే నేల గట్టిగా ఉండేది. కనీసం పెద్దవాళ్లు కూర్చునే వరసల కింద సన్నటి చెక్క పలకలు వేసినా సరిపోయేది. ఎండ గురించి అంత ఆలోచించినవాళ్లు కాళ్ల కింద నేల గురించి ఆలోచించకపోవడం నాకు బాధ అనిపించింది. హైహీల్స్ వేసుకొచ్చిన వాళ్లదీ అదే అవస్థ. మడమలకి తొడిగే చిన్న ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి, వాటిని ఒక బుట్టలో దారి మొదట్లో పెడితే ఎంత బాగుండేదో.

పూల పని మాత్రం అద్భుతం. ఆ పని చూసిన అబ్బాయికి పూలంటే ప్రాణం అని మాటల్లోనే తెలిసింది. మొగ్గలా బిగిసి ఉండే షాపు గులాబీలు కాకుండా, రేకులు గుత్తుగా విచ్చుకునే పాత రకం గులాబీలు కావాలని పట్టుబట్టాడు. డేవిడ్ ఆస్టిన్ అనే ఇంగ్లండ్ ఆయన 1961లో 'కాన్‌స్టన్స్ స్ప్రై' అనే గులాబీతో మొదలుపెట్టి జీవితమంతా ఈ పని మీదే గడిపాడు. పాత గులాబీల ఆకారాన్నీ వాసననీ, కొత్త రకాల రంగులతో, మళ్లీ మళ్లీ పూసే గుణంతో కలపడం ఆయన లక్ష్యం. ఆ తరహా పూలు మా టేబుళ్ల మీదకి వచ్చాయి. దంతపు తెలుపు, లేత గులాబి, బూడిద కలిసిన ఆకుపచ్చ, అక్కడక్కడా ముదురు ద్రాక్ష రంగు. ఆ నాలుగో రంగు లేకపోతే మొత్తం వెలిసిపోయినట్టు ఉండేదని అతను అన్నాడు, నిజమే. కూర్చున్న ప్రతివాళ్లకీ వాసన తెలిసింది. పెళ్లికి వచ్చినవాళ్లు ఇప్పటికీ ఆ వాసన గురించే మాట్లాడతారు.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. పూలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు వాడలేదు. 1954లో వచ్చిన ఆ ఫోమ్ నిజానికి ప్లాస్టిక్కే, మట్టిలో కలిసిపోదు. దాని బదులు గిన్నెల్లో వైరు వల నలిపి పెట్టి కాడలు అందులో నిలబెట్టాడు. కాడలు నేరుగా నీళ్లలోనే ఉంటాయి కాబట్టి పూలు తాజాగా నిలిచాయి, అమరికా వదులుగా, అప్పుడే తోటలో కోసి తెచ్చినట్టు వచ్చింది. ముందురోజే కాడలు ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, రాత్రంతా చల్లటి చోట బకెట్లలో ఉంచారు. హైడ్రాంజియాలు కావాలని చెల్లి అడిగితే, వేడికి అవి తొందరగా వాడిపోతాయని చెట్టు నీడలో ఉన్న టేబుళ్లకి మాత్రమే పెట్టాడు. ఒక గుత్తి తల వాల్చేస్తే తలకిందులుగా నీళ్లలో ముంచి కాసేపు ఉంచాడు. రేకుల నుంచి కూడా నీళ్లు పీల్చుకుంటుందట, మళ్లీ లేచింది!

ఇంట్లో ఏమైనా పాత వస్తువులు ఉన్నాయా అని ప్లానర్ అడిగితే, మా అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు అల్లిన క్రోషే గుడ్డలు ఇచ్చాం. అద్దె సూట్‌కేసులు ఇవ్వలేనిది అవి ఇచ్చాయి. వాటికి పిన్నులు గుచ్చలేదు, టేపు అంటించలేదు, కొవ్వొత్తులు వాటి దగ్గరికి రానివ్వలేదు, ఎండ పోయాకే పరిచారు. మర్నాడు లెక్కపెట్టి, మడతపెట్టి, అమ్మమ్మ చేతికే తిరిగి ఇచ్చారు. తన చేతిపని మీద పూల గిన్నె చూసి ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. ఒక్క ఈ పనికే వాళ్లకి ఎన్నిసార్లు థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

లైట్లు బాగున్నాయి. రంగురంగుల సీరియల్ లైట్లు వద్దని చెప్పి, 2700 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) బల్బులు మాత్రమే తెప్పించారు. పాత ఫిలమెంట్ బల్బు పసుపు ఆ అంకె దగ్గరే ఉంటుంది. 4000 దాటితే ఆఫీసు వెలుగు వచ్చేస్తుంది, అప్పటిదాకా పడ్డ కష్టమంతా వృథా. చీకటి పడేకొద్దీ వెలుగు తగ్గించడానికి డిమ్మర్ పెట్టారు. కొవ్వొత్తులన్నీ పొడుగాటి గాజు చిమ్నీల్లో ఉంచడంతో గాలికి ఒక్కటీ ఆరలేదు. జనరేటర్ని మాత్రం ఇంకొంచెం దూరంగా, గోడ అవతల పెట్టాల్సింది.

ఫోటోగ్రాఫర్ కూడా వీళ్ల తరఫు మనిషే. డిజిటల్‌తో పాటు 35 ఎంఎం కొడాక్ పోర్ట్రా ఫిల్మ్ వాడాడు. రోలుకి 36 ఫోటోలే వస్తాయి కాబట్టి ప్రతిదీ ఆగి, చూసి తీశాడు. ఎడిటింగ్‌లో సెపియా రంగు వెయ్యమంటారా అని అడిగితే చెల్లి వద్దంది. నాకూ అదే సరైనది అనిపించింది. ఆ రోజుల్లో సెపియా చేసింది అందం కోసమే కాదు. ఫోటోలోని వెండిని సిల్వర్ సల్ఫైడ్‌గా మారిస్తే బొమ్మ ఎక్కువ కాలం చెక్కుచెదరకుండా ఉంటుందని. ఇప్పటి ఫోటోకి ఊరికే గోధుమ రంగు పులమడంలో ఆ అర్థం ఏమీ లేదు.

ఇక అసలు ఫిర్యాదు సౌండ్. అలంకారానికని వాళ్లు తెచ్చిన ఒకే ఒక పాత వస్తువు గ్రామఫోన్. నిజంగా పనిచేసేదే తెచ్చారు, అందుకు సంతోషం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పాడుతుంది, ఉక్కు సూదిని ప్రతి వైపుకీ మార్చాలి. దాని పక్కన ఒక మనిషిని పెట్టి శ్రద్ధగా మార్పించారు. కానీ ఆరుబయట ఆ చప్పుడు ముందున్న వాళ్లు దాటి వెళ్లదు. అది పోనీ అనుకున్నా, మైకుదీ ఇదే కథ. ముందు ఒకే ఒక పెద్ద స్పీకర్ పెట్టారు. గోడలు లేని చోట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ముందు వరస చెవులు మూసుకుంది, వెనక వరసకి ఏమీ అందలేదు. కుర్చీ ఒరగని చోటు వెతుక్కుని చివర కూర్చున్న మా అమ్మమ్మ, మనవరాలు మాట ఇచ్చిన క్షణంలో పెదవులు కదలడం మాత్రమే చూసింది. చిన్న స్పీకర్లు రెండు పక్కలా వరసల వెంట పెట్టి ఉంటే తీరిపోయే సమస్య ఇది. కంటికి కనిపించే ప్రతిదానికీ అంత శ్రద్ధ పెట్టిన సర్వీసు చెవిని ఇలా వదిలేయడం నేను మామూలు లోపంగా తీసుకోలేను.

రెండో ఫిర్యాదు వాన గురించి. "అవసరమైతే టెంటు వేస్తాం" అని కాగితం మీద ఉంది. ఎప్పటిలోగా నిర్ణయించాలి, ఎవరు నిర్ణయించాలి, టెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నవి లేవు. ముందురోజు మబ్బు పట్టింది. టెంటువాళ్లు వేరే చోట పనిలో ఉన్నారని అప్పుడు చెప్పారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, అంత టెన్షన్. వాన పడలేదు, అది మా అదృష్టం, వాళ్ల పనితనం కాదు. టెంటు అడిగేటప్పుడు పైకప్పు పారదర్శకంగా ఉండేది కావాలంటారు కొందరు. ఫోటోల్లో బాగుంటుంది, పగలు ఎండ తగిలితే లోపల ఉక్కపోస్తుంది. తెల్ల గుడ్డ టెంటే నయం.

దోమలకి మందు కొట్టకుండా టేబుళ్ల దగ్గర నేల ఫ్యాన్లు పెట్టారు. దోమలు గాలికి ఎదురు ఎగరలేవు, పూల వాసనా చెడలేదు.

మళ్లీ వీళ్లనే పిలుస్తానా అంటే పిలుస్తాను. ఏ వస్తువులు తేవాలన్నది ఒక్కటే కాకుండా ఏవి తేకూడదో కూడా తెలిసిన ప్లానర్ మాకు ఇంకెవరూ కనిపించలేదు. మా పిన్ని కూతురి పెళ్లికి కూడా వీళ్లతోనే మాట్లాడుతున్నాం. ఈసారి సౌండ్ వేరేవాళ్లకి ఇస్తున్నాం, ముందురోజు చివరి వరసలో కూర్చుని మైకు విని చూస్తాం. టెంటు మీద నిర్ణయానికి ఆఖరి తేదీ, కుర్చీల కింద పలకలు, నీళ్లు ఆపాల్సిన రోజు, ఇవి కొటేషన్‌లో రాసి ఇచ్చాకే అడ్వాన్స్ ఇస్తామని చెప్పాం. ఆవిడ ఒప్పుకుంది.